రింగుకు తాళం: ఒక ట్రాలీ ఆత్మకథ

ట్రాక్టరుకు కంపెనీ పేరుంటుంది, హెచ్‌పీ లెక్క ఉంటుంది, తాళంచెవి ఉంటుంది, దసరాకు పూలదండ పడుతుంది. దాని వెనక వచ్చేదాన్ని ఊళ్లో డబ్బా అంటారు, మర్యాదకు ట్రాలీ అంటారు. అందుకే ఈ ట్రాలీ ‘నేను’ అని గొప్పలు పోకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు తన కథ చెప్పుకుంటుంది.

పుట్టింది వెల్డింగ్ షెడ్డులో. బతుకంతా నడిగడ్డలో, కృష్ణా తుంగభద్రల నడుమ, వడ్డేపల్లి పొలాల్లో. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కాలువ కింద తెలంగాణలో 87,500 ఎకరాలు పారాలన్నది కాగితం మీది లెక్క; ఆనకట్ట కర్ణాటకలో ఉంది, చివరి భూములకు నీళ్లు అందడం ఎప్పుడూ కష్టమే. నీళ్లున్న ఏడు వడ్లు, లేని ఏడు పత్తి. శాంతినగర్ నుంచి ఎరువుల బస్తాలు, దిబ్బ నుంచి పెంట, బట్టీ నుంచి ఇటుకలు. ఏది ఎక్కించినా ఈ ట్రాలీ కాదనలేదు.

పని లేని రోజుల్లోనే భయం. దుక్కికి ట్రాలీ అడ్డం కనుక దాన్ని విప్పి గట్టు మీద వదిలేస్తారు. సాయంత్రం ట్రాక్టరు ఇంటికి పోతుంది, ట్రాలీ అక్కడే ఉండిపోతుంది.

ట్రాక్టరును ఎత్తుకుపోవాలంటే ఇంజను స్టార్టు కావాలి, ఆ చప్పుడుకు వాకిట్లో పడుకున్నవాళ్లు లేవకూడదు. ట్రాలీకి ఆ బాధ లేదు. ముందున్న ఇనుప దూలం కొసన ఒక రింగు, అందులోకి ఒక పిన్ను, అంతే. ఏ ట్రాక్టరు హుక్కుకైనా దాదాపుగా పట్టేస్తుంది. పక్క చేను రైతు అడిగితే క్షణంలో అతని వెంట నడవడం దీని సుగుణం. దొంగ వెంట కూడా అంతే బుద్ధిగా నడుస్తుంది!

పైగా ఊరు మూడు రాష్ట్రాల మొగలో ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు, గద్వాల మీదుగా పడమటికి పోతే రాయచూరు. తెల్లారేసరికి ట్రాలీ ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు, వారానికి రంగు కూడా మారొచ్చు.

చిత్రమేమంటే, 1988 మోటారు వాహనాల చట్టం ట్రెయిలరును కూడా మోటారు వాహనంగానే లెక్కగట్టింది. ఇంజను లేకపోయినా దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం అది సామాను. ఈ ట్రాలీ నంబరు ఏపీ 22తో మొదలవుతుంది, పాత మహబూబ్‌నగర్ జిల్లా గుర్తు అది. 2016లో గద్వాల జిల్లా అయ్యాక వచ్చిన బండ్లకు టీఎస్ 33, 2024 నుంచి టీజీ 33. చుట్టుపక్కల నంబరే లేని ట్రాలీలు బోలెడు. అవి పోతే పోలీసు స్టేషన్లో ‘నీలం రంగుది సార్’ అనడం తప్ప రైతు చెప్పగలిగేదేమీ ఉండదు.

నంబరుంటే దారి ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. దొంగ సొత్తని తెలిసీ కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది.

ఇంట్లో పెద్దాయన ఎరిగిన కాపలా ఒకటే: ట్రాలీ పిన్ను ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం.

“పిన్ను తెచ్చినావా రా?”

“తెచ్చినా నాయనా.”

అంతటితో ఆయనకు నిద్ర పడుతుంది. కానీ అదే మందం ఇనుప కడ్డీ దొరికితే పిన్ను లేకున్నా దొంగ పని అయిపోతుంది. కొడుక్కి ఆ సంగతి తెలుసు. అందుకే రింగు నిండా పట్టే లావు తాళం వేశాడు; పిన్ను దూరే సందే లేదు. చక్రం డిస్కు రంధ్రంలోంచి ఛాసిస్‌కు గొలుసు బిగించాడు. వెల్డింగ్ షాపులో డబ్బా అడుగున, దూలం లోపలి వైపున రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించాడు. పైన రంగు కొట్టినా ఆ నంబరు పోదు. ఛాసిస్ నంబరును ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

అమెరికాలో పడవలను నదికి లాగే ట్రెయిలర్లకూ ఇదే గతి. వాళ్లు కప్లరుకు తాళం వేస్తారు, చక్రానికి క్లాంపు బిగిస్తారు, ఎక్కువ కాలం వదిలితే చక్రమే ఊడదీసి దాస్తారు. 

ఇప్పుడు తండ్రీ కొడుకుల వాదన జీపీఎస్ ట్రాకర్ మీద నడుస్తోంది. ట్రాలీకి సొంత బ్యాటరీ లేదు కాబట్టి, ఛార్జింగు పెట్టుకునే రకం కావాలి, అందులో సిమ్ముండాలి. పెట్టడానికి పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆ సిమ్ముకు నెలనెలా రీఛార్జి ఎవరు చేయించాలన్న దగ్గరే మాట తెగలేదు.