పాసింగ్ పది, లోడు ఇరవై

అమెరికాలో పికప్ ట్రక్కు ఉన్నవాడికి ఒక వింత బెంగ ఉంటుంది. ట్రక్కు వెనక తొట్టిలో, సరిగ్గా ఇరుసు నెత్తిన ఒక కొక్కెం బిగించి, దానికి ఇల్లంత ట్రైలర్ తగిలిస్తాడు. ట్రైలర్ ముందు భాగంలో పడకా వంటా, వెనక భాగంలో గ్యారేజీ. అందులో మోటార్ సైకిళ్లు, ఇసుకలో తిరిగే బగ్గీలు. దాని పేరు టాయ్ హాలర్. మీసాలొచ్చిన పిల్లల బొమ్మలు మోసే బండి. ఆ ట్రైలర్ తన బరువులో అయిదో వంతో నాలుగో వంతో ట్రక్కు నడుం మీద మోపుతుంది. ఆరు టన్నుల ట్రైలరైతే 1,200 కిలోలకు తక్కువుండదు. ట్రక్కు తలుపు తీస్తే పక్కనే ఒక చీటీ అంటించి ఉంటుంది: మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు దాటరాదు. దాంట్లోంచి మొగుడూ పెళ్లాం బరువు, కుక్క బరువు, కొక్కెం బరువు తీసేసి, మిగిలింది చాలుతుందా చాలదా అని రాత్రుళ్లు నిద్ర మానుకుంటాడు. డాలస్‌లో స్థిరపడిన మనవాళ్లలో ట్రక్కు కొన్నవాళ్లకూ ఇదే జబ్బు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు వెనక సీట్లో కూర్చుంటే లెక్క తప్పుతుందేమోనన్న భయం పైకి చెప్పుకోలేనిది.

తాండూరులో ఎవరికైనా ఈ కథ చెప్పి చూడండి. జాలిపడతారు.

మా దగ్గర ఇంత గోల లేదు. నాపరాయి చదరపు అడుగు, అంగుళం మందం, ఆరు కిలోలు తూగుతుంది. ముప్పావు టన్ను మోయడానికి పుట్టిన చిన్న బండిలో 125 అడుగుల బండలు పడతాయి. అంటే పదీ పన్నెండు గది ఒకటి. ఇల్లు కట్టుకునేవాడు ఒక గదికి బండలు పరిచి, హాలూ వంటిల్లూ మట్టిగా వదిలేస్తాడా? వదలడు. రెండోసారి బండి రావాలంటే రెండో కిరాయి. అందుకని 400 అడుగులూ ఒకే ట్రిప్పులో ఎక్కుతాయి. రెండు టన్నుల నాలుగు వందల కిలోలు. బండి తయారుచేసినవాడు చూస్తే ఏడుస్తాడు. కొన్నవాడు మాత్రం పరవాలేదు, లాగుతుందంటాడు.

పాలిషింగ్ యూనిట్ ముందు ఈ ముచ్చట దగ్గరుండి చూడాల్సిందే. హమాలీలు భుజాన గుడ్డ వేసుకుని బండల్ని ఒక్కొక్కటిగా తెచ్చి, తొట్టిలో అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి పేరుస్తారు. మధ్యలో కాస్త వరిగడ్డి. మూడో వరుసకల్లా వెనక కమాన్ పట్టీలు వంపు పోయి తిన్నగా అవుతాయి. అయిదో వరుసకు అటువైపు వంగుతాయి. బండి ముక్కు పైకి లేస్తుంది. రాత్రిపూట దాని దీపాలు రోడ్డు మీద పడవు, చెట్ల కొమ్మల్లో గబ్బిలాల్ని వెతుకుతాయి. స్టీరింగ్ వేలితో తిరుగుతుంది. డ్రైవర్‌కు అదొక సుఖం. ముందు చక్రాలు నేలను సగమే తాకుతున్నాయి కాబట్టి ఆ సుఖం వచ్చిందని అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు మలుపు చెబుతుంది.

కాగ్నా ఇసుక తోలే ట్రాక్టర్‌దైతే ఇంకా పై మెట్టు. కాగితాల్లో అది వ్యవసాయానికి. నాగలి తగిలించాల్సిన చోట ట్రాలీ తగులుతుంది. ట్రాలీకి చాలాసార్లు బ్రేకులుండవు, వెనక దీపం అసలే ఉండదు. చడావు వస్తే ఇంజిన్ ముందు కాళ్లు ఎత్తి నిలబడుతుంది. అమెరికావాడు కొక్కెం మీద ఎంత బరువు పడుతోందో తెలుసుకోవడానికి ప్రత్యేకంగా త్రాసు కొంటాడు. మనకు ఆ ఖర్చు లేదు, ముందు చక్రాలు గాలిలోకి లేస్తే బరువు సరిపోయిందని గుర్తు.

ఇక పెద్ద బండ్లు. గుమాస్తాకూ డ్రైవర్‌కూ జరిగే సంభాషణ మూడు ముక్కలు.

"పాసింగ్ ఎంతన్నా?"

"పది."

"ఇరవై ఎక్కిస్తున్నం. సేట్‌కు ఫోన్ చేసినం."

పాసింగ్ అంటే ఆర్సీ పుస్తకంలో రాసి ఉన్న బరువు. అంత మాత్రమే నింపి పంపితే ఆ బండిని అండర్‌లోడ్ అంటారు, కాస్త జాలిగా. కిరాయి టన్ను లెక్కన ఇస్తారు. పక్క లారీ ఇరవై టన్నులు మోస్తుంటే పది మోసేవాడికి డీజిల్, టైర్లు, ఫైనాన్స్ కంపెనీ కిస్తీ పోను మిగిలేది సున్నాకు అటో ఇటో. టన్ను ధర పెంచమని అడిగితే గనివాడు వేరే లారీని పిలుస్తాడు. చట్టాన్ని పాటించే లారీ ఓనరుకు ఈ వ్యాపారంలో చోటు లేదు. అతను కూడా వెనక రెండు పట్టీలు ఎక్కువ వేయించుకుని, తొట్టి పలకలు మూరెడు ఎత్తు లేపించుకుని గుంపులో కలుస్తాడు. పర్మిట్ కాగితంలో మాత్రం బరువు పద్ధతిగా పదే. పై పదికి ప్రభుత్వానికి రావాల్సిన రాయల్టీ కూడా లారీతో పాటే గేటు దాటుతుంది.

ఇదే తాండూరులో తూకం అంటే ఎంత నిష్ఠో చూడాలంటే కందుల సీజన్‌లో మార్కెట్ యార్డుకు రావాలి. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న కందుల్ని రైతు బస్తాలో తెస్తే తేమ 12 శాతం దాటిందా అని మిషన్ పెడతారు. మట్టి ఎంత, పుచ్చు ఎంత అని అరచేతిలో పోసి ఊదుతారు. గోనె బరువు కోస్తారు, తరుగు కోస్తారు. కిలో కందుల దగ్గర ఇంత సూక్ష్మంగా చూసే కళ్లు, అదే యార్డు గోడ పక్కనుంచి మూలుగుతూ పోయే లారీ మీద పడేసరికి మసకబారతాయి. రైతు దగ్గర గ్రాముల్లో ఉండే ధర్మం లారీ దగ్గర టన్నుల్లోకి కూడా మారదు.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ పరిమితి దాటొద్దంటుంది. 114వ సెక్షన్, అనుమానం వస్తే కాంటా ఎక్కించి, ఎక్కువున్న బరువును డ్రైవర్ పూచీ మీద అక్కడే దింపించమంటుంది. 194వ సెక్షన్‌కు 2019లో కోరలు కూడా పెట్టారు: 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ 2,000. పది టన్నులు మించితే 40,000. ఎక్కువ లోడు దించేదాకా బండి కదలకూడదు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా రోడ్డు పక్కన పది టన్నుల బండలు దింపించి కుప్ప పోయించిన చోటు ఒక్కటి చూపించండి, అక్కడ గుడి కట్టిద్దాం. దింపే శ్రమ ఎందుకని మధ్యేమార్గం ఒకటి స్థిరపడింది. దానికి రసీదు ఉండదు, నెలవారీ ఉంటుంది.

2018 జూలైలో కేంద్రం ఈ సమస్యను మూలం నుంచి పరిష్కరించింది. లారీలు పరిమితిలోకి రావడం లేదు కాబట్టి పరిమితినే లారీల దగ్గరికి పంపింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుండేది 11.5 అయింది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5కు పెరిగింది. పిల్లాడు పరీక్ష తప్పుతున్నాడని పాస్ మార్కు తగ్గించినట్టు. పిల్లాడు ఊరుకున్నాడా? కొత్త మార్కు దగ్గరనుంచి మళ్లీ తప్పడం మొదలుపెట్టాడు.

రోడ్డు దగ్గర ఈ ఆటలు సాగవు. 1958 నుంచి రెండేళ్లపాటు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, సైనికుల చేత లారీలు తిప్పించి, ఏ బరువుకు రోడ్డు ఎంత చెడుతుందో కొలిచారు. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లని తేలింది. ఆ లెక్కన 10.2ను 11.5 చేసిన ఒక్క సంతకంతో నిండు ఇరుసు ఒక్కసారి దొర్లినప్పుడు రోడ్డుకు తగిలే దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటింది. ఇది చట్టబద్ధమైన బరువు సంగతి. పాసింగ్ పది, లోడు ఇరవై సంగతి మీరే కట్టుకోండి.

దీంట్లో అందమైన వ్యాపార సూత్రం ఒకటుంది. రోడ్డు వేయడానికి కంకర కావాలి. కంకర ఓవర్‌లోడ్ టిప్పర్లో వస్తుంది. ఆ టిప్పర్ వచ్చే దారి పొడవునా రోడ్డు పగులుతుంది. పగిలిన రోడ్డుకు టెండరు. టెండరుకు కంకర. కంకరకు టిప్పర్. నష్టపోయినవాడు ఒక్కడూ లేడు, పన్ను కట్టేవాడు తప్ప. అతను ఎలాగూ లెక్కలోకి రాడు.

2025 నవంబర్ 3 ఉదయం తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ గుద్దింది. కంకరంతా బస్సులోకి ఒరిగి, కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే కప్పేసింది. జేసీబీలు తెచ్చి తవ్వారు. 19 మంది పోయారు. ఈ పేరాలో హాస్యానికి చోటు లేదు.

హాస్యం ఆ తర్వాత మొదలైంది. ప్రమాదం జరిగిన ఆ దారినే, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలు చేసే పని, దారి పక్క తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్ల కేసుతో హరిత ట్రిబ్యునల్‌లో చాలాకాలం నలిగింది. అందుకని వేళ్లన్నీ మర్రిచెట్ల వైపు తిరిగాయి. నిందితుడిగా మర్రిచెట్టుకు మించినది లేదు. పారిపోదు, లాయర్ని పెట్టుకోదు, ఏ పార్టీ ఎమ్మెల్యేకూ బంధువు కాదు. గుంతకు, వేగానికి, మలుపుకు, ఇరుకుకు తలా ఇంత నింద పంచారు. ఇరుకు రోడ్డు నిజంగానే ప్రాణాంతకం, ఎప్పుడో వెడల్పు చేయాల్సింది. కానీ నాలుగు వరుసలైతే టిప్పర్లు బరువు తగ్గుతాయని ఎవరికైనా నమ్మకముంటే వాళ్లకు బండలు అమ్మడం చాలా తేలిక. తర్వాత కొన్నాళ్లు తనిఖీలు జరిగాయి. టిప్పర్ల మీద పట్టాలు కప్పారు. ఆ తర్వాత పట్టాల ఖర్చు కిరాయిలో కలిసింది.

194వ సెక్షన్‌ను మళ్లీ ఒకసారి నిదానంగా చదివాను. అందులో నేరస్థుడు ఒక్కడే కాదు. పరిమితి దాటిన బండిని నడిపినవాడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు, ముగ్గురూ ఉన్నారు. మొదటివాడు దొరకడం తేలిక, క్యాబిన్‌లోనే ఉంటాడు. మిగతా ఇద్దరూ కావాలంటే జనవరిలో రహదారి భద్రతా మాసోత్సవాలు ప్రారంభించే రోజున వెళ్లాలి. వేదిక మీద ముందు వరుసలో కూర్చుని ఉంటారు, శాలువాలతో. కింద డ్రైవర్లకు కంటి పరీక్షలు జరుగుతుంటాయి.