లీటరుకి ఎంతిస్తోంది?

ఏరా అబ్బాయ్, నీ బండి లీటరుకి ఎంతిస్తోందని అడిగితే స్టీరింగు వెనక తెరకేసి చూస్తావేంటి? పదమూడు పాయింటు ఆరు అని అది అనగానే తిరుపతి లడ్డూలా కళ్లకద్దుకుంటావు. ఆ తెర ట్యాంకులోకి తొంగి చూసిందా? ఇంజెక్టర్ల చేత ఎంత పోయించిందో లోపల లోపలే లెక్కేసుకుని, ఇంత కాలుంటుందిలే అని చెబుతుంది. దాని మొహం.

మా రోజుల్లో మైలేజీ తీయడమంటే పొద్దున్నే స్నానం చేసి బయల్దేరే పని. మా జంషెడ్‌పూర్ సాక్చీలో ఒక పంపు, ఆ పంపులో ఒకటే నాజిలు. బండి ముక్కు ప్రతిసారీ ఒకే వైపు ఉండాలి. నేల కాస్త వాలిందంటే ట్యాంకులో పట్టే డీజిలు మారిపోతుంది. నాజిలు టక్కున ఆగగానే నిండిందనుకునేవాడు ఇంకా పిల్లాడే. డీజిలు నురగ కక్కుతుందిరా. ఆ నురగ దిగేదాకా నిలబడాలి, మళ్లీ కాస్త పోయించాలి, మళ్లీ నిలబడాలి. వెనక లారీవాడు బిహారీలో మన వంశం గురించి ఏమంటున్నా సరే కదలకూడదు. అప్పుడు మీటరు చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. ట్యాంకు బాగా తగ్గాక మళ్లీ అదే పంపు, అదే నాజిలు. తిరిగిన కిలోమీటర్లని ఈసారి పోసిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ. అదైనా ఒక్క ట్యాంకుతో తేల్చెయ్యకూడదు, నాలుగైదు కలిపి చూడాలి. కద్మాలో ఉండి సాక్చీ దాకా వెళ్లి రావడానికి ఎంత కాలుతోందో కూడా కాస్త లెక్కెయ్యండి అంటుంది మా ఆవిడ. ఆవిడకి శాస్త్రం తెలీదు.

మాది సఫారీ. 1998లో వచ్చిన బండి. అప్పటికి టెల్కో ఇంకా టెల్కోయే. 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చారు గానీ ఈ ఊళ్లో మా వయసువాళ్ల నోటికి అదింకా ఎక్కలేదు. సఫారీని చేసింది పూణేలోనే అనుకో, అయినా మా ఊరి బండే అని ఛాతీ విరుచుకునేవాళ్లం. 1954 నుంచి బెంజి వాళ్లతో కలిసి లారీలు చేసింది ఇక్కడ కాదూ? వాటి ముక్కు మీద మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. నువ్వు చూసుండవులే. ఏం చెబుతున్నాను... ఆ, సఫారీ. రెండు టన్నుల దగ్గర బరువు, లాగడానికి రెండు లీటర్లకి కాస్త తక్కువ ఇంజను. తాగదా మరి?

పైగా మీరు సోకు కోసం పెద్ద టైర్లు వేయిస్తారు. టైరు చుట్టుకొలత నూటికి ఐదు పెరిగితే, మీటరు వంద చూపించేసరికి బండి నూట ఐదు పోయుంటుంది. అది కలుపుకోకుండా మైలేజీ పడిపోయిందని ఏడుస్తారు. మేము రాంచీ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టి మీటరుని సరిచూసుకునేవాళ్లం. ఆ రోడ్డు ఏళ్ల తరబడి గుంతలమయం. గుంత తప్పించబోతే రాయి తప్పిపోయేది, మళ్లీ మొదటికి.

ఇసుకలో సంగతి ఇంకా వింత. సువర్ణరేఖ ఒడ్డున చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే బండి అంగుళం కదలదు గానీ మీటరు మాత్రం కిలోమీటర్లు కలుపుకుంటూ పోతుంది. అంటే దిగబడిన పాపానికి కాగితం మీద మైలేజీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది! అందుకే ఇసుకలోనూ కొండదారిలోనూ లో గేరు వేశాక కిలోమీటర్ల మాట మర్చిపోయి గంటకెన్ని లీటర్లని చూడాలి. గనుల్లో డంపర్లకి వేసేది ఆ లెక్కే. ఇసుక కోసం టైర్లలో గాలి తీసినవాడు తారు రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించుకోవాలి. నువ్వేమో ఆ మెత్తటి టైర్లతోనే బిస్టుపూర్ దాకా ఈడ్చుకొచ్చి, డీజిల్లో కల్తీ ఉందంటావు.

తైమారా ఘాటు దిగేటప్పుడు మేము న్యూట్రల్లో వేసేవాళ్లం. గాలి హోరు వింటూ అలా జారిపోతుంటే డీజిలు మిగులుతోందన్న తృప్తి వేరు. మా మనవడు ఒప్పుకోడు. "గేరులో ఉంచి కాలు తీసేస్తే డీజిలు అసలే పడదు తాతా, న్యూట్రల్లోనే ఇంజను ఆగిపోకుండా తాగుతుంటుంది, పైగా బరువంతా బ్రేకుల మీదే" అంటాడు. నిజమేనట. ఏం చేస్తాం, ఈ రోజుల్లో నిజాలు కూడా కుర్రాళ్ల పక్షమే.

అయినా మైలేజీ ఉండేది యంత్రంలో కాదు, కుడికాల్లో. యాభైలో వెళ్తున్నప్పటి గాలి అడ్డు వందలో రెండింతలు కాదురా, నాలుగింతలు. నువ్వు వందలో వెళ్తావు, ఆ పైన క్యారియరొకటి. ముందు అది పీకించు. నా బండి మీద ఇంకా ఎందుకుందంటావా? సంక్రాంతికి కటక్ మీదుగా శ్రీకాకుళం వెళ్లొస్తాం, తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తాలు, బెల్లం, అరిసెల డబ్బాలు. అవన్నీ నీ ఒళ్లో పెట్టుకుంటావా?