నేను కాదన్న చేతులు

రావివలస రేషను డిపోలో బియ్యం బస్తాల వెనక ఒక అట్టపెట్టెలో పడి ఉన్నాను. నా గాజు మీద ఎవరిదో వేలి మరక ఇంకా అలాగే ఉంది. తుడిచేవాళ్లు లేరు.

వేలిముద్ర తీసే యంత్రాన్ని నేను. ఒక గాజు పలక, కింద దీపం, చిన్న కెమెరా, అంతే నా ఒళ్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2015లో డిపోలకు ఈ-పాస్ మిషన్లు రావడం మొదలైంది. వాటికి తోడుగా మేమూ వచ్చాం. ఎవరి గీతలూ నేను దాచుకోలేదు. బొమ్మ తీసి ఆధార్ నంబరుతో పంపితే, ఎక్కడో ఉన్న సర్వరు అవుననో కాదనో చెప్పేది. రేషనుకీ, పింఛనుకీ, బ్యాంకుకీ ఆ ఒక్క సర్వరే. ఒకరి బియ్యం ఇంకొకరు ఎత్తుకుపోకుండా కాపలా కాశానని నాకు గర్వంగా ఉండేది.

నా బాధంతా ఆ 'కాదు' గురించే.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకామె నెలనెలా వచ్చేది. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆమె బొటనవేలు అరిగిన నాణెంలా నున్నగా, అంచుల్లో నల్లగా ఉండేది. ఆ వేలు, ఈ వేలు, కొంగుతో తుడిచి మళ్లీ అదే వేలు. తెర మీద 300 అని పడేది, గీతలు కలవలేదని.

"ఏటి బాబూ, నా ఏలు నాది కాదంటాదేటి?"

"నానేటి సేసేదప్పా, మిషను ఒప్పుకోనేదు. రేపు రా."

రేపు రావడమంటే ఆమెకు ఒకపూట కూలి పోయినట్టే.

సర్వరును తప్పుపట్టను. గీతలు కలవలేదని చెప్పిందే గానీ, ఈమె మనిషి కాదనలేదు. దాన్ని డిపో మిషనుకు కలిపినవాళ్లు అవునన్న దారిని చక్కగా వేశారు. కాదన్న దారి మాత్రం వీఆర్వో వచ్చి తన వేలు వేసే రోజుదాకా మూసే ఉండేది. వేలు పడలేదని ఎవరికీ రావలసింది ఆపకూడదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పులోనూ వచ్చింది.

ఆ తర్వాత రెండు వారాలకే, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. కాదని చెప్పే శక్తి కూడా నాకు లేదు. డీలరుగారు అటక మీది పాత రిజిస్టరు, సిరా పెట్టె దించారు. ఆమె వేలు కాగితం మీద గీతల్లేని నల్లటి మచ్చ ఒకటి వేసింది. ఆయన ఆ మచ్చను చూడలేదు, ఆమె ముఖం చూశారు. బియ్యం తూచారు.

ఆ ఏడాదే బెంగళూరు ట్రిపుల్ ఐటీలో మోసిప్ అనే గుర్తింపు వేదిక పని మొదలైంది. అది ఓపెన్ సోర్స్. ఫిలిప్పీన్స్, మొరాకో దాన్ని తీసుకున్నాయి. ఆ కోడును ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. నా మిషనుకూ ఆ వీలుంటే, డీలరుగారి చూపుకు కూడా ఒక గడి పెట్టమని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

2021లో రేషను బండెక్కి వీధులు తిరిగాను. ఎండల మల్లికార్జునుడి గుడి దారిలో ఆ దేవుడికీ పైకప్పు లేదు, నాకూ లేదు. కాగిన గాజు మీద మంచి వేళ్లు కూడా పడేవి కావు. తర్వాత ఎల్1 రకం యంత్రం వచ్చింది. ముద్రకు తాళం వేసే పని దాని చిప్పులోనే జరుగుతుంది. ఎల్0 రకం నాకైతే ఆ తాళం బయట మిషనులో ఉండేది, మధ్యలో దొంగ ముద్ర దూర్చే సందు ఉండేది. నన్ను తీసేయడం న్యాయమే. తీసేసేటప్పుడు ఒకసారి తుడిస్తే బాగుండేది.

మొన్న ఆమె గొంతు వినిపించింది. కొత్త యంత్రం కూత పెట్టింది. కాసేపు నిశ్శబ్దం.

"ఇంకో ఏలు ఎట్టప్పా."