చెరిపినా మిగిలేది

నేనొక గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ని. ఇంటిపేరు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, పేరు టీఐ-84 ప్లస్. మా మోడల్ లోకంలోకి వచ్చింది 2004లో. పొట్టలో నాలుగు చిన్న బ్యాటరీలు, ముఖాన బూడిదరంగు తెర. లోపల జ్ఞాపకాలు దాచుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ర్యామ్, 24 కిలోబైట్లు. అది పలక, తుడిస్తే పోతుంది. రెండోది ఆర్కైవ్, 480 కిలోబైట్లు. అది అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకు లాంటిది. పలక తుడిచినా దానికేమీ కాదు.

మేముండేది వర్జీనియాలోని షాంటిలీ. డల్లెస్ విమానాశ్రయం పక్క ఊరు. నన్ను మొదట కొన్నది ఇంటి పెద్దబ్బాయి కోసం. స్కూల్లో పరీక్ష ముందు టీచరు వరసగా వచ్చి అందరి కాలిక్యులేటర్లూ రీసెట్ చేయించేవారు. తెర మీద ‘ర్యామ్ క్లియర్డ్’ అని పడేది. ఒకసారి వాడు ఎక్కించుకున్న ఆటలన్నీ అలాగే ఊడ్చుకుపోయాయి. వాడు మూడు రోజులు నా ముఖం చూడలేదు.

వాడు నేరుగా నాలుగేళ్ల యూనివర్సిటీకి వెళ్లిపోయాక, అన్న చొక్కా తమ్ముడికొచ్చినట్టు నేను చెల్లెలి చేతికొచ్చాను. ఆమె చేరింది నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో. అందరూ ‘నోవా’ అంటారు. 1964లో పుట్టిన కాలేజీ. ఫీజు తక్కువ, ఇంటి భోజనం, రెండేళ్లయ్యాక పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. నాన్నకు లెక్క నచ్చింది. అమ్మకూ నచ్చింది, గుళ్లో ప్రసాదాల దగ్గర తప్ప.

“మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందండీ?”

“ఇక్కడే, దగ్గర్లోనేనండీ” అని అమ్మ పులిహోర అందుకునేది. బ్యాగులో ఉన్న నాకు ఆ మాట తర్వాతి నిశ్శబ్దం కూడా వినబడేది.

నిజానికి దగ్గరేమీ కాదు. షాంటిలీలో నోవా క్యాంపస్ లేదు. పొద్దున్నే రూట్ 50 ఎక్కి, ఫెయిర్‌ఫాక్స్ దాటి, ఆనండేల్ దాకా పోవాలి. మొదటి సెమిస్టర్లో క్యాలిక్యులస్‌కి సీ వచ్చింది. నాలుగు క్రెడిట్ల కోర్సు. ఆ రాత్రి ఆమె నాలో ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో దానికి ‘లెక్క’ అని పేరు పెట్టింది. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2. నోవాలో ప్లస్సులూ మైనస్సులూ ఉండవు. క్రెడిట్లతో గుణించి, కూడి, భాగించాను: 42 ÷ 14. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, సరిగ్గా 3.

యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాతో నోవాకు ఒప్పందం ఉంది. అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసి, 3.4 జీపీఏ నిలబెట్టుకుని, అడిగిన కోర్సుల్లో సీ కంటే తగ్గకపోతే సీటు ఖాయం. నాకు 3.4 ఒక దశాంశం. ఆమెకు అది రెండేళ్ల నిద్ర. రెండో సెమిస్టర్ అయ్యేసరికి 99 ÷ 29, అంటే 3.41. మూడోది అయ్యేసరికి 153 ÷ 44, అంటే 3.48. ఆ రాత్రి ‘లెక్క’ను ఆర్కైవ్‌లోకి పంపించేసింది. అలా పంపిన ప్రోగ్రాం పక్కన ఒక నక్షత్రం గుర్తు పడుతుంది. మళ్లీ నడపాలంటే దాన్ని పలక మీదికి దించాలి.

మార్చి 1 గడువు. దరఖాస్తు, ట్రాన్స్‌క్రిప్టులు, ఎందుకు మారాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం. వ్యాసం మొదటి ప్రతి అంతా ఆ ఒక్క సీ గురించిన సంజాయిషీయే. రాసి, కొట్టేసి, రూల్సు చదువుతుంటే ఇంకో సంగతి కనబడింది: కొత్త చోటికి క్రెడిట్లు వస్తాయి, గ్రేడ్లు రావు. జీపీఏ మళ్లీ మొదటినుంచి.

“అయితే నా 3.48 ఏమైనట్టు తాతయ్యా?”

తాతయ్య గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. పాలిటెక్నిక్ లెక్చరరుగా రిటైరయ్యారు. ఆయన నన్ను తిప్పి తిప్పి చూస్తూ అన్నారు: “మన దగ్గర ఈసెట్ అని ఉందమ్మా. డిప్లొమా పిల్లలు అది రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. డిప్లొమా మార్కులు అక్కడి లెక్కలోకి రావు. నా దగ్గర వర్క్‌షాపులో ఆకురాయి పట్టిన చెయ్యి మాత్రం వాళ్లతోనే వెళ్లేది.” కాసేపాగి, “అయినా మార్కులు పోతే నీ సీ కూడా పోయినట్టేగా!” అన్నారు. ఆమె పకపకా నవ్వింది. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. ఆ వారం గుళ్లో ఎవరో అడిగితే, “నోవా అండీ. మన ఈసెట్ లాంటిది” అంది. పులిహోర అందుకోవడానికి తొందరపడలేదు.

ఆగస్టులో కారు 29వ నంబరు రోడ్డు పట్టుకుని, ఆ యూనివర్సిటీ ఉన్న షార్లట్స్‌విల్‌కి బయల్దేరింది. రెండు గంటల దారి. నేను ఆవకాయ సీసాకీ రైస్ కుక్కర్‌కీ మధ్య ఇరుక్కున్నాను.

మొదటి పరీక్ష రోజున హాల్లో అదే పాత మాట: అందరూ రీసెట్ చేయండి. ఆమె వేళ్లు నా మీద తడుముకోకుండా నడిచాయి. ర్యామ్ క్లియర్డ్. పలక ఖాళీ.

కాగితాలు పంచేలోపు ఆమె ఒకసారి జాబితా తెరిచింది. ‘లెక్క’ అక్కడే ఉంది, పక్కన నక్షత్రం గుర్తుతో. కిందికి దించలేదు. జాబితా మూసేసి, మొదటి ప్రశ్నకు కావలసిన అంకెలు నొక్కింది.