నేను మార్కాపురం పలకను

మార్కాపురం గనుల్లో పుట్టాను. రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించారు. ఒకప్పుడు మామీద అక్షరాలు దిద్దని బడిపిల్లలు తక్కువ. నోటుబుక్కులూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక గిరాకీ పడిపోయింది. నన్ను కోసినాయన ఇంట్లోనే ఉండిపోయాను. ఇప్పుడు నామీద రాసేది ఆయన నడక లెక్క.

ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చిన మనిషి. ఆయాసమొస్తే దుమ్ము వల్లేననుకున్నాడు. రొమ్ము బరువెక్కితే గ్యాసనుకుని సోడా తాగాడు. చివరికి 108లో తీసుకుపోయారు. దూరాన పెద్దాసుపత్రిలో, ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన కాగితం నిండా మందులు, అడుగున ‘కొద్దిగా నడవాలి’ అని ఒక్క ముక్క. కొద్దిగా అంటే ఎంత? దమ్మొస్తే ఏం చేయాలి? అడగడానికి ఈయన జంకాడు, వాళ్లూ విడమరిచి చెప్పలేదు.

ఇంటికొచ్చాక మంచమే లోకమైంది. ‘నువ్వు కదలొద్దయ్యా’ అని భార్య. ‘గుండె మనిషివి, ఊరికే కూచో మామా’ అని పక్కింటివాళ్లు. అంతా ప్రేమతోనే. వెనకటి డాక్టర్లూ గుండెపోటు రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. 1952లో బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే వైద్యులు రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆ పద్ధతిని కదిలించారు. ఆ దారిలో వచ్చిందే కార్డియాక్ రిహాబిలిటేషన్. దగ్గరుండి వ్యాయామం చేయించడం, మందులూ తిండీ చూడడం, బీడీ మాన్పించడం, మనసులో భయం తీయడం అన్నీ అందులో భాగమే.

మన దేశంలో యోగాతో అలాంటి శిక్షణ ఇచ్చి 24 ఆసుపత్రుల్లో 3,959 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. 12 వారాల్లో 13 క్లాసులు. అందరినీ కలిపి చూస్తే మరణాలూ, మళ్లీ గుండెపోట్లూ తగ్గాయని తేలలేదు. కానీ ఆరోగ్యం బాగుందన్నవాళ్లు, మునుపటి పనుల్లో పడ్డవాళ్లు పెరిగారు. కనీసం 10 క్లాసులకు వచ్చినవాళ్లలో ముప్పు తక్కువగా కనిపించింది. నా బాధంతా ఆ పది దగ్గరే. మా గిద్దలూరు వైపు పల్లె నుంచి గుంటూరుకో ఒంగోలుకో పదిసార్లు పోవాలంటే బస్సు చార్జీ, తన కూలి, తోడొచ్చే కొడుకు కూలి. పంట చేతికొచ్చే రోజుల్లో ఎవరు పోతారు? ఎండాకాలం ఈ మెట్ట నేలలో పొద్దు నడినెత్తికి రాకముందే గాలి సెగలు కక్కుతుంది.

మా పెద్దాయన్ను మంచం దింపింది ఒక డాక్టరు మాట. ఊళ్లోనే బీపీ చూపించుకోబోతే ఆ డాక్టరమ్మ, ‘పెద్దాయనా, మాత్ర ఎంత ముఖ్యమో నడకంతే. నడుస్తూ మాట్లాడగలిగితే సరే. మాట తెగితే మెల్లగా నడువు. నొప్పొస్తే ఆగిపో, తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యి’ అంది. డాక్టరు గట్టిగా చెబితే జనం ఇలాంటి శిక్షణకు ఎక్కువగా వస్తారని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ రాత్రే మనవరాలు నన్ను దుమ్ము దులిపి బలపం పట్టింది. ఎన్ని నిమిషాలు, నొప్పి ఉందా లేదా, మాత్ర వేసుకున్నాడా. ఆదివారం ఆ లెక్కంతా నోటుబుక్కులోకి ఎక్కించి నన్ను తుడుస్తుంది. పొద్దున్నే చెన్నకేశవస్వామి గుడి వీధుల్లో తిరిగొచ్చి, కాళ్లు కడుక్కోకముందే ‘రాయి బుజ్జీ’ అంటాడు.

పెద్దాసుపత్రుల్లో ఇచ్చే ఆ శిక్షణే మార్కాపురంలో, గిద్దలూరులో ఎందుకు పెట్టకూడదు? నడిపించి చూడడానికి 30 మీటర్ల వరండా చాలు. నేర్చిన నర్సు, బీపీ మిషను, ఆపదకు సిద్ధంగా మందులూ డాక్టరూ ఉంటే మొదలుపెట్టొచ్చు. నేను కోరేది అదే.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. గిద్దలూరులో ఉండే ఈయన చెల్లెలిది బైపాస్ అయిన ఒళ్లు. ఇంటి చాకిరీ చేస్తోంది కదా, వేరే నడకెందుకని ఆ ఇంటివాళ్ల ధీమా. నిన్న ఈయన ఫోన్ తీశాడు. ‘బావా, అంట్లు తోమితే నడక అయిపోదంట. ముందు దాన్ని డాక్టరుకు చూపించు, ఎంత నడవాలో అడుగు. ఒంటరిగా పంపొద్దు, నువ్వూ పో. పిల్లోడి చేత రాయించు. సాయంత్రం మళ్లీ చేస్తా, ఏ రోజు పోతున్నారో చెప్పు.’