మిఠాయి పెట్టె మీది మాటకు టీకా తాత్పర్యం

మూలం: “షుగర్ ఫ్రీ కాజూ కత్లీ. చక్కెర కలపలేదు.”

అవతారిక: ఈ గ్రంథం మిఠాయి పెట్టె మూత మీద బంగారు రంగు అక్షరాల్లో లభ్యం. కర్త ఎవరో తెలియదు గానీ, కాలం మాత్రం పెట్టె అడుగున తయారీ తేదీ రూపంలో అచ్చయి ఉంది. మన ప్రాచీన కవుల విషయంలో పరిశోధకులకు ఇంతటి సుఖం ఎన్నడూ దక్కలేదు. ప్రతిపదార్థం: షుగర్ = పంచదార; ఫ్రీ = లేనట్టి; కాజూ కత్లీ = జీడిపప్పు బిళ్ల; చక్కెర = మళ్లీ ఆ పంచదారే; కలపలేదు = వండినవాడు తన చేత్తో వేయలేదు. పునరుక్తి దోషం దొరికిందని తొందరపడరాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల్లో ఇవి రెండు వేర్వేరు మాటలు. 100 గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెర లేకుంటేనే షుగర్ ఫ్రీ అనాలి. ‘కలపలేదు’ అనడానికి బయటినుంచి వేయకుంటే చాలు. జీడిపప్పులో పుట్టుకతోనే నూటికి అయిదారు గ్రాముల చక్కెర ఉంటుంది గనుక మొదటి వాక్యం పప్పు దగ్గరే ఓడిపోతుంది, రెండోది నిలుస్తుంది. ఇక శ్లేష. మన ఇళ్లలో షుగర్ అంటే పదార్థమూ, జబ్బూ కూడా; ‘ఆయనకు షుగర్’ అంటే వంటింటి డబ్బా ఎవరికీ గుర్తు రాదు. కొనేవాడు రెండో అర్థం చదువుకుంటాడు, అమ్మేవాడు మొదటి అర్థానికే పూచీ పడతాడు.

తాత్పర్యం: కృత్రిమ తీపి తనంతట తానుగా రక్తంలో గ్లూకోజును చెప్పుకోదగ్గంత పెంచదు, తగ్గించదు. అది పక్కకు నెట్టిన పంచదార ఎంతో, దాని వల్ల కలిగే మేలూ అంతే. అలాంటి కృత్రిమ తీపుల్లో ఒకటైన సుక్రలోజ్ పంచదార కంటే సుమారు 600 రెట్లు తియ్యన, కాబట్టి కప్పు కాఫీకి కొద్ది మిల్లీగ్రాములు సరిపోతాయి. అందులోనూ చాలాభాగం అరగకుండా బయటికి పోతుంది. (లండన్‌లో 1976లో దీని తీపి బయటపడింది ఒక అపపాఠం వల్ల. పదార్థాన్ని పరీక్షించమన్న మాటను శశికాంత్ ఫడ్నిస్ అనే పరిశోధకుడు రుచి చూడమన్నట్టు విన్నాడట. టెస్టుకు టేస్టు పాఠాంతరం.) చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు టైప్ 2 మధుమేహం ఉన్నవారి చేత 12 వారాలపాటు కాఫీ టీలలో పంచదారకు బదులు సుక్రలోజ్ వాడించి చూసి, ఫలితాలను 2024లో ప్రచురించారు. బరువు, నడుము కొలత కొద్దిగా తగ్గాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇందులో వింతేమీ లేదు. చెంచా పంచదార 5 గ్రాములు. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 28 గ్రాములు, మారు వడ్డన లెక్క వేరు. కాఫీలో చెంచా మానేసి, పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం వరసలో ఒక్క ముద్దా తగ్గించనివాడి రక్తం ఎవరి మాట వింటుంది? పెట్టెలోని మిఠాయికీ ఇదే వరస. పంచదార స్థానంలో మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేస్తే అదీ కొంత గ్లూకోజుగా మారుతుంది, మోతాదు మించితే కడుపూ కదులుతుంది. జీడిపప్పు పిండిపదార్థం, నెయ్యి కెలొరీలు ఎక్కడికీ పోవు. మేలు చిన్నదే అయినా అది మేలే; రోజుకు నాలుగు కప్పులు తాగేవాడికి 20 గ్రాముల పంచదార తప్పడం తీసిపారేసే సంగతి కాదు.

ఆక్షేపం: ఈ తీపి పేగుల్లోని సూక్ష్మజీవులను చెడగొట్టి షుగర్‌ను పెంచుతుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు తేల్చారు కదా? 2022లో వెలువడిన ఆ ప్రయోగం గట్టిదే, దాటేసేది కాదు. కృత్రిమ తీపి అలవాటులేని 120 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలు పొట్లాలు ఇచ్చారు. శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్న వర్గాల్లో గ్లూకోజు తాగాక వచ్చే పెరుగుదల ఎక్కువైంది. అస్పర్టేమ్, స్టీవియా వర్గాల్లో కాలేదు. ఒకే వర్గంలోనూ మనిషికీ మనిషికీ తేడా కనిపించింది. అంటే ‘తనంతట తానుగా’ అన్న మన మాటకు ‘చాలామందిలో’ అనే విశేషణం అధ్యాహారం చేసుకోవాలి. అమెరికాలో యేల్ వారి 2020 నాటి చిన్న ప్రయోగం ఇంకో సూచన ఇచ్చింది: సుక్రలోజ్‌ను మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థంతో కలిపి తాగినవారిలో ఇన్సులిన్ పనితనం తగ్గింది, విడిగా తాగినవారిలో తగ్గలేదు. ఇది పెద్ద అధ్యయనాల్లోనూ నిలిస్తే, బిరియానీ పళ్లెం పక్కన డైట్ కోలా పెట్టుకుని పుణ్యం కట్టుకున్నామనుకునేవారు ఆలోచించాల్సి వస్తుంది. అప్పటికీ ఆక్షేపణ పళ్లెం మీదికే మళ్లుతుంది.

మరో ఆక్షేపం: ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంది కదా? 2023 మే నాటి ఆ సూచన బరువు తగ్గడానికి వీటిని సాధనంగా వాడవద్దని. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఇది వర్తించదని అందులోనే రాసి ఉంది. వాట్సాప్ వ్యాఖ్యాతలు మూలంలో ఆ సగాన్ని ప్రక్షిప్తమని కొట్టేసినట్టున్నారు. వాడేవారిలో మధుమేహం ఎక్కువని చెప్పే సర్వేల్లో కారణమేదో కార్యమేదో విడదీయడం కష్టం. షుగర్ వస్తుందని భయపడ్డవాడే ముందుగా డైట్ సీసా అందుకుంటాడు. క్యాన్సర్ మాటా అదే ఏడాది వచ్చింది. అస్పర్టేమ్‌ను ‘బహుశా కారకం కావచ్చు’ అన్న వరసలో చేర్చినా, రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని నిపుణుల కమిటీ మార్చలేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘చక్కెర కలపలేదు, బెల్లంతో చేసినది’ అని ఉంది. ఇది అసలు పాఠం కంటే ప్రమాదకరం. బెల్లంలో అత్యధిక భాగం సుక్రోజే, అంటే పంచదారలోని పదార్థమే. ఖనిజాలు ఉన్నా షుగర్ ఉన్నవాడికి లెక్క మారదు. ఖర్జూరాల బర్ఫీ సంగతీ ఇంతే. ప్రకృతి ఇచ్చిందన్న గౌరవం రక్తానికి ఉండదు.

విశేషం: ఈ గ్రంథం అక్షరసత్యమై, అందుచేతనే పనికిమాలినదయ్యే సందర్భం ఒకటుంది. ఇన్సులినో, కొన్ని రకాల మాత్రలో వేసుకుని భోజనం ఆలస్యం చేసినవారికి షుగర్ 70 కంటే దిగవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. తీపి ఏదైనా ఒకటేనని ఎవరైనా ఆ వేళ కృత్రిమ తీపి కలిపిన టీయో, డైట్ కోలానో తాగిస్తే నాలుకకు తీపి తెలుస్తుంది, గ్లూకోజు మీటరు అంకె కదలదు. షుగర్ ఫ్రీ కత్లీ పెట్టినా లాభం లేదు, నెయ్యీ పప్పూ అరిగేదాకా ఆగే వేళ కాదది. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే నీళ్లలో 15 గ్రాముల గ్లూకోజు పొడి, లేదా మూడు చెంచాల మామూలు పంచదార కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. షుగర్ ఉన్న ఇంట్లో అసలు పంచదార డబ్బా ఒకటి, చేతికి అందే అరలో, ఉండి తీరాలి.