చిన్నకారు వ్రతకల్పం

చిల్లకూరు, కోట, వాకాడు ప్రాంతాల్లో కాపురముంటూ, వాకిట్లో ఒక మోటార్‌సైకిలు ఉండి, చేతిలో రొయ్యల డబ్బో నిమ్మతోట డబ్బో కొంచెం ఆడుతూ, దగ్గరి చుట్టాల్లో ఇప్పటికే కారు కొన్నవాళ్లు ఒకరిద్దరున్న గృహస్థులంతా ఈ వ్రతానికి అర్హులే. కారు నడపటం వచ్చి ఉండాలన్న నియమం లేదు, అది తర్వాతయినా నేర్చుకోవచ్చు. ఈ చుట్టుపక్కల ఆచారంలో ఉన్న పద్ధతులన్నీ కూర్చి, కొత్తగా కొనేవారి సౌకర్యార్థం ఇక్కడ రాస్తున్నాను.

ముందు సంకల్పం. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కాగితం తీసుకుని, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, ఎంతమందిమి ఎక్కుతాం, తిరిగేది హైవే మీదా పల్లె రోడ్లలోనా అని లెక్క వేస్తారు. అట్లా వేస్తే వ్రతం చెడుతుంది. గూడూరు పక్కనే ఉంది, ఆటోలున్నాయి. నెల్లూరు నలభై కిలోమీటర్లు, బస్సులున్నాయి. చెన్నై ఆస్పత్రికి పోవాలంటే గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే సెంట్రల్ 138 కిలోమీటర్లు. ఈ లెక్క ఎటు తిరిగినా ‘అసలు కారెందుకు?’ అనే అశుభ ప్రశ్న దగ్గర తేలుతుంది. కనుక సంకల్పం ఇట్లా చెప్పుకోండి: తోడల్లుడు కొన్నాడు గనుక, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం గనుక, వాకిట్లో స్థలం ఉంది గనుక. మూడూ నిజాలే కాబట్టి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేరు.

ఇక ఏది చిన్నకారు? మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది ఇంజనీరు కాదు, ఆర్థిక మంత్రి. పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ లోపు ఉంటే చిన్నకారు కింద లెక్క, పన్ను తక్కువ అని 2006 బడ్జెట్‌లో గీత గీశారు. అప్పట్నుంచీ కంపెనీలు టేపు పట్టుకునే కూర్చున్నాయి. బ్రెజా, నెక్సాన్, సోనెట్ మూడు కంపెనీల బళ్లు, మూడింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే. డిజైర్ అయితే 2012లో డిక్కీ కోయించుకుని మరీ అదే 3,995కి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిల్ కార్లకు ఈ గీత లోపల జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40 శాతం. అంటే మీరు రేపు నలుగురిలో ‘మాది ఎస్‌యూవీ’ అని చెప్పుకోబోయే బండి ప్రభుత్వం లెక్కలో చిన్నకారే. ఈ సంగతి తోడల్లుడి దగ్గర ఎత్తకండి.

స్వరాష్ట్రాభిమానం ఉన్నవారికి ఒక సౌకర్యం ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది, సోనెట్ అక్కడిదే. నెంబరు ప్లేటు అభిమానులకు మాత్రం ఏ సౌకర్యమూ లేదు. ఏపీ 26 చూసి ‘నెల్లూరోళ్ల బండి’ అని గుర్తుపట్టే కాలం పోయింది, 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే వరస. 2022లో చిల్లకూరు తిరుపతి జిల్లాలోకి పోయినప్పుడు ఊరంతా గొణుక్కుంది గానీ, ప్లేట్లకు ఆ బాధ తెలియలేదు.

ఇప్పుడు షోరూముకు పోవాలి. ఒంటరిగా పోవద్దు. బామ్మర్దినీ, రొయ్యల మేత అమ్మే స్నేహితుణ్ణీ, యూట్యూబ్ చూసే మేనల్లుణ్ణీ వెంటబెట్టుకోండి. కారులో రోజూ కూర్చోబోయే భార్యనీ, మోకాళ్ల నొప్పులతో ఎక్కి దిగాల్సిన అమ్మనీ మాత్రం తీసుకుపోవద్దు. వాళ్లు వెనక డోరు తీసి కూర్చుని ‘సీటు మరీ కిందికుంది’ అంటారు. అంతమాట వినపడితే మేనల్లుడు చెప్పే టార్క్ లెక్కలకు విలువ ఉండదు.

అక్కడ మీకు మోడళ్ల నిచ్చెన చూపిస్తారు. వ్రతంలో ముఖ్య ఘట్టం ఇదే గనుక నిదానంగా చెబుతాను. కింది మెట్టు మోడల్ చవక, కానీ షోరూములో అది కనపడదు. కనపడేది పై మెట్టుదే, దాని రంగు కూడా ప్రకటనలో ఉన్న రంగే. మీకు కావాల్సినవి రెండే అనుకుందాం: వెనక అద్దానికి వైపరు, డ్రైవరు సీటు ఎత్తు పెంచుకునే ఏర్పాటు. మన దుమ్ములో, వానలో వెనక అద్దం గంటలో మూసుకుపోతుంది గనుక మొదటిది కావాలి. మీరు పొట్టి గనుక రెండోది కావాలి. వైపరు మూడో మెట్టులో ఉంటుంది. సీటు నాలుగో మెట్టులో ఉంటుంది, దాంతోపాటు సన్‌రూఫూ, చేతి ముంజేయంత తెరా, రాత్రిళ్లు నీలంగా వెలిగే దీపాలూ వస్తాయి. విడిగా వైపరు అమ్మరు. అడిగితే సేల్స్ కుర్రాడు జాలిగా నవ్వి, “ఇంకో నలభై వేలే సార్, ఈఎంఐలో చూస్తే నెలకు ఆరేడొందలు” అంటాడు. ఆ ‘ఇంకో నలభై వేలే’ ప్రతి మెట్టు మీదా వినిపిస్తుంది. కింది మెట్టు దగ్గర ఏడు లక్షలతో లోపలికి పోయిన మనిషి పది లక్షల పైన తేలుతాడు. ప్రతిసారీ తను కలిపింది నలభై వేలే అని ప్రమాణం చేసి చెప్పగలడు కూడా.

ఎక్స్ షోరూం ధర పది లక్షలు దాటిందా, అదనంగా ఒక శాతం టీసీఎస్ కట్టించుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో మీ ఖాతాకే జమవుతుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయనివారు దాన్ని హుండీలో వేసినట్టు భావించి దణ్ణం పెట్టుకోండి.

సన్‌రూఫ్ లేకుండా కొనకండి. రోహిణి కార్తెలో మన సీమ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అట్లాంటి చోట నెత్తిమీద ఇనుప రేకు బదులు అద్దం ఉండటంలోని హాయి అనుభవిస్తేనే తెలుస్తుంది. మోమిడి, బల్లవోలు వైపు నుంచి సిలికా ఇసుక టిప్పరు వస్తున్నప్పుడు దాని వెనకే పోతూ తెరిచి చూడండి. చిల్లకూరు మండలం ఇసుక గాజు తయారీకి పోతుంది గనుక, మన నేలే ఎక్కడో కరిగి, అద్దమై, నలభై వేలకు మన నెత్తిమీదికి తిరిగొచ్చిందని తృప్తి పడొచ్చు. ఆ అద్దం చుట్టూ మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి, వాన నీళ్లు వాటిగుండా కిందికి దిగాలి. మన దుమ్ముకు అవి పూడితే నీళ్లు పైకప్పు గుడ్డలోంచి సరాసరి మీ భుజం మీదికి దిగుతాయి. అప్పుడప్పుడూ వాటిని శుభ్రం చేయించాలని మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ కవరు చింపటం ఆచారం కాదు. ఇన్ని చెప్పినా తెరవకపోతే దాని ప్రయోజనం ఏమిటంటారా? ఇంటికొచ్చిన చుట్టం బండి చుట్టూ తిరిగి, “ఏందబ్బయా, పైన అద్దం లేదే!” అనకుండా ఉండటం. ఆ ఒక్కమాట ఖరీదు నలభై వేలంటే చవకే.

గ్రౌండ్ క్లియరెన్స్ కాగితం మీద చూసి నమ్మేయండి. 180, 190 అని రాసుంటుంది. సాధారణంగా అది ఖాళీ బండి ఎత్తు. ఐదుగురెక్కి, డిక్కీలో బియ్యం మూటలు పడ్డాక ఎంత మిగిలిందో ఊళ్లో స్పీడ్‌బ్రేకరే చెబుతుంది. కోతలప్పుడు సగం రోడ్డు వడ్లు ఆరబెట్టే కళ్లం గనుక, అక్కడా కొంత తెలుస్తుంది. సీఎన్‌జీ తీసుకునేవారికి డిక్కీ బాధే ఉండదు, ఒకే పెద్ద సిలిండరున్న బళ్లలో డిక్కీయే ఉండదు. రంగు గురించి ఎక్కువ చర్చ వద్దు: సిలికా దుమ్ము తెల్లగా ఉంటుంది, తెల్లకారు మీద కనపడదు, ఎండకు తక్కువ కాగుతుంది. కాబట్టి నలుపు తీసుకోండి.

భద్రత గురించి అడగటం అపశకునం. కొత్తబండి దగ్గర నిలబడి గుద్దుకోవటం మాటెత్తితే పెద్దలు చెంపలు వాయిస్తారు. నెక్సాన్‌కు 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలిచ్చింది, భారతీయ కారుకు ఐదు రావటం అదే మొదలు. 2023 అక్టోబరు నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష కూడా ఉంది. ఏ బండికి ఎన్నొచ్చాయో ఫోన్లో నిమిషంలో తెలుస్తుంది. అయినా మన నక్షత్రాలు పంచాంగంలో చూసుకోవాలి గానీ ఫోన్లో చూస్తే ఎట్లా? డెలివరీనాడు నాలుగు చక్రాల కింద నాలుగు గూడూరు నిమ్మకాయలు పెడుతున్నాం కదా.

టెస్ట్ డ్రైవ్ పొద్దున్నే, ఒక్కరే, ఏసీ ఆపి, షోరూము ముందున్న నున్నటి రోడ్డు మీద చేయాలి. మధ్యాహ్నం రెండింటికి, ఐదుగురిని ఎక్కించుకుని, ఏసీ నిండా పెట్టి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆపి మళ్లీ కదిలిస్తే చిన్న పెట్రోలు ఇంజన్ అసలు గొంతు వినపడుతుంది. మొదటిరోజే అంత చనువు మంచిది కాదు.

అప్పు దగ్గర నెల కిస్తీ మాత్రమే అడగండి, మొత్తం అడగవద్దు. ఎనిమిది లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఐదేళ్లకైతే కిస్తీ 16,600, ఏడేళ్లకైతే 12,900 దాకా వస్తుంది. చూశారా, ఏడేళ్లదే చవక! చివరికి కట్టే వడ్డీ మొదటిదానిలో లక్షా తొంభై ఆరు వేలు, రెండోదానిలో రెండు లక్షల ఎనభై ఒక్క వేలు అన్నది ఏడేళ్ల తర్వాత సంగతి. అప్పటికి రొయ్య ధర పెరగకపోతుందా?

ఆన్ రోడ్ ధర చీటీలో లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ తప్పవు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి తీసుకోవాలన్నది 2018 నుంచి ఉన్న నియమం. ఆ పాలసీ ఎక్కడ కొనాలన్నది మాత్రం మీ ఇష్టం, బయట ధర కనుక్కుని వచ్చి చీటీ పక్కన పెడితే షోరూములో రేటు తగ్గటం కూడా కద్దు. కానీ అంత పెద్ద షోరూములో, చల్లటి ఏసీలో, కాఫీ తాగి బేరమాడటం మర్యాదేనా? వానొచ్చినప్పుడు ఇంజన్లోకి నీళ్లుపోతే ఆదుకునే ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవరు ఒకటుంది. మామూలు పాలసీలో, నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకుంటే పైసా రాకపోవచ్చు. 2015 నవంబరులో గూడూరు, నెల్లూరు మధ్య హైవే నీట మునిగింది. 2021 నవంబరులో నెల్లూరు దాటాక రోడ్డే కోసుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. ఇట్లాంటి తీరంలో ఆ కవరు కొట్టేయించి, మిగిలిన డబ్బుతో డోరు హ్యాండిళ్లకు క్రోమ్ తొడుగులు వేయించుకోవటం సంప్రదాయం.

బండి ఇంటికి రాగానే టోల్ పాసు తీసుకోండి. ఫాస్టాగ్ వార్షిక పాసు 2025 ఆగస్టు 15న మూడు వేల ధరతో మొదలైంది, ఏడాదిలో రెండొందల సార్లు జాతీయ రహదారి టోల్ దాటొచ్చు. బూదనం గేటు రోజూ దాటేవాళ్లకు మంచి లాభం. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు, ఒక తిరుపతికి పోయే మీరు కూడా తీసుకోండి, ఫోన్లో మిగిలిన సంఖ్య చూసుకుంటే నిండుగా ఉంటుంది.

చివరి ఘట్టం అలంకరణ. దీన్ని షోరూములో కాకుండా బయట కొట్లో చేయించాలి. ముందువైపు మోకాలంత ఇనుప గార్డు బిగించండి. కేంద్రం 2017 డిసెంబరులో వాటిని వద్దంది, అవి గుద్దుడు దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేసి ఎయిర్‌బ్యాగు సెన్సర్లను తికమక పెడతాయట. అయినా టిప్పర్ల ఊళ్లో గార్డు లేని బండి బోసిగా ఉంటుంది. కిటికీలకు నల్ల ఫిల్మ్ వేయించండి, దాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది గనుక వేయించినవాడికి గౌరవం ఎక్కువ. ఇక ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం పైమెట్టు దాకా ఎక్కి కొన్నారు కదా, వాటిలో రెండు సీటు పక్కల కుట్టులోంచి బయటికి రావాలి. ఆ కుట్టును మూసేసేటట్టు మందపాటి తోలు కవర్లు బిగుతుగా కుట్టించండి. కుట్టేవాడు వెనక సీటు బెల్టుల బకిల్స్‌ను కూడా కవరు కిందికి తోసేసి, “కూర్చుంటే గుచ్చుకోవు సార్” అంటాడు. కాదనకండి.

వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. ఆ బెల్టులు షోరూములో కనపడని ఆ కింది మెట్టు మోడల్లో కూడా పైసా అదనం లేకుండా వస్తాయి.